పోలిష్ మాతృభాషగా ఉన్నవారికి పై స్థాయి ఇంగ్లిష్ మాటలు: మూడు వేలు కంఠస్థం అయినా వాక్యం ఎందుకు అతకడం లేదు?

క్రాకోవ్_కాపురం
మా ఆవిడది పోలండ్. పెళ్లయి ఆరేళ్లు, కాపురం క్రాకోవ్‌లో. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లిష్‌లోనే. వచ్చే డిసెంబరులో కేంబ్రిడ్జి వారి సీ2 ప్రొఫిషియెన్సీ పరీక్ష (ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా పై మెట్టు) రాయాలని పట్టుదలగా ఉంది. ఏడాదిగా రోజుకు పది కొత్త మాటల చొప్పున ఫోనులో కార్డులు చేసుకుంటోంది. మూడు వేలు దాటాయి. జ్వరం వచ్చిన రోజున కూడా మానలేదు.

నా బాధ ఇదీ. 'ఉబిక్విటస్', 'ఎఫెమరల్', 'మెటిక్యులస్' వంటివి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పోయిన నెల ఇంగ్లండ్ నుంచి వచ్చిన స్నేహితులకు వంటింటి కుళాయి కారుతోందని చెప్పబోయి, 'డ్రిప్' అనే చిన్న మాట తట్టక చేత్తో చూపించింది. నమూనా పరీక్షలో రాసిన వ్యాసం ఎర్ర గీతలతో వెనక్కి వచ్చింది. 'మాటలన్నీ సరైనవే, ఇంగ్లిష్‌లో ఎవరూ ఇలా కలిపి రాయరు' అని దిద్దినవారి వ్యాఖ్య.

అంతకంటే పెద్ద దెబ్బ ఆఫీసులో తగిలింది. ఒక ఖాతాదారుకు 'ఎవెంచువల్లీ ధర తగ్గిస్తాం' అని రాసింది. పోలిష్‌లో 'ఎవెంతువాల్నె' అంటే 'కుదిరితే, అవసరమైతే' అని. ఇంగ్లిష్‌లో అది 'చివరికి తప్పకుండా' అయి కూర్చుంది. అవతలివారు తగ్గింపు ఖాయమనుకుని లెక్కలు వేసుకున్నారు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు.

నేను గుంటూరు జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. 'నీకు ఎలా వచ్చింది' అని అడుగుతోంది. నాకు చుట్టూ ఉంది కాబట్టి వచ్చింది, అది పద్ధతిగా చెప్పలేను. పోలండ్‌లో ఉన్నవారు, పోలిష్ వారితో పని చేసేవారు, వారికి పాఠాలు చెప్పేవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పదాల_పెట్టె
కార్డు మీద ఏమి రాసుకుంటున్నారు? ఒకవైపు ఇంగ్లిష్ మాట, రెండోవైపు పోలిష్ అర్థం, అంతేనా?

క్రాకోవ్_కాపురం
అంతే. అన్నీ అలాంటివే.

పదాల_పెట్టె
అనుకున్నాను. నేను వ్రొత్స్వాఫ్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్నాను, కార్డులతోనే పోలిష్ నేర్చుకున్నాను. కాబట్టి ముందుగా కార్డుల తరఫున మాట్లాడతాను.

ఈ పద్ధతి పుట్టినదే పోలండ్‌లో. పొజ్నాన్‌లో ప్యోత్ర్ వొజ్నియాక్ అనే విద్యార్థి 1985లో కాగితాల మీద తన జ్ఞాపకశక్తిని తానే కొలుచుకున్నాడు. ఏ మాటను ఎన్ని రోజుల తరవాత మళ్లీ చూస్తే గుర్తుంటుంది అన్నది అతని ప్రశ్న. అతను గుర్తు పెట్టుకోవాలనుకున్నవాటిలో ఇంగ్లిష్ మాటలు ముఖ్యమైనవి. 1987లో దాన్నే కంప్యూటర్ ప్రోగ్రాముగా రాశాడు, పేరు సూపర్‌మెమో. మొదటి సమీక్ష ఒక రోజుకు, రెండోది ఆరు రోజులకు, ఆ తరవాత ప్రతిసారీ దాదాపు రెండున్నర రెట్లు. 6, 15, 38 ఇలా దూరం పెరుగుతుంది. మరిచిపోతే మళ్లీ మొదటికి.

ఇంగ్లిష్ మాటలతో కుస్తీ పట్టిన ఒక పోలిష్ కుర్రవాడి అవసరం నుంచి వచ్చిన సాధనం ఇది. మీ ఆవిడ చేతిలో ఉన్నది ఆమె ఇంటి వస్తువే. కానీ ఆయన తరవాత రాసిన నియమాలలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? అర్థం కానిదాన్ని కంఠస్థం చేయవద్దు. పోలిష్ అర్థం తెలిసినంత మాత్రాన మాట అర్థమైనట్టు కాదు. లోపం అక్కడుంది.

పొజ్నాన్_పీజీ
నేను చదివేది పొజ్నాన్‌లోనే, ఈ సంగతి ఇప్పుడే తెలిసింది! అయితే ఆంకీ అనే కార్డుల యాప్ కూడా పోలండ్ వారిదేనా?

పదాల_పెట్టె
కాదు. ఆంకీని 2006లో డేమియన్ ఎల్మ్స్ మొదలుపెట్టారు. చాలాకాలం దాని లోపల నడిచిన లెక్క మాత్రం 1987 నాటి సూపర్‌మెమో లెక్క మీద కట్టినదే. 2023లో కొత్త లెక్క కూడా చేర్చారు.

వార్సా_వాన
వార్సాలో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ చెబుతాను, పన్నెండేళ్లుగా. మీ ఆవిడ కథ నా తరగతిలో ప్రతి ఏడాదీ చూస్తాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

పోలిష్ వారికి పొడుగాటి లాటిన్ మాటలు అసలు కష్టం కావు. శతాబ్దాల పాటు పోలండ్‌లో చదువుకున్నవారి భాష లాటిన్. ఇంగ్లిష్‌లో 'షన్' అని ముగిసే మాటలు పోలిష్‌లో 'త్స్యా' అని ముగుస్తాయి: సితువాత్స్యా, రెవొలుత్స్యా, ఇన్‌ఫొర్మాత్స్యా. 'ఎలొక్వెంట్' అనే మాట మన విద్యార్థికి జీఆర్‌ఈ పుస్తకంలో ఎదురవుతుంది, పోలిష్ విద్యార్థికి 'ఎలొక్వెంత్ని' అని ఇంట్లోనే ఉంది. అలాంటివాటికి కార్డు చేసుకోవడం ఉన్న ఊళ్లో దారి అడగడం వంటిది. మూడు వేల కార్డులలో ఎన్ని ఇటువంటివో ముందు చూడమనండి.

కష్టమైనవి రెండు రకాలు. ఒకటి, చుట్టాల్లా కనిపించే పరాయి మాటలు. 'ఎవెంచువల్లీ' అటువంటిదే. రెండు, పొట్టి మాటలు. డ్రిప్, లీక్, ఊజ్, ట్రికిల్. ఈ నాలుగూ నీళ్లు కారడమే, నాలుగూ వేరు. వీటికి లాటిన్‌తో సంబంధం లేదు, పోలిష్‌తో పోలిక లేదు, వినికిడి మీదే రావాలి. పల్లెటూరి ఇంగ్లిష్ అనుకుని పరీక్షకు చదివేవాళ్లు వీటిని వదిలేస్తారు. సీ2 పరీక్షలో ఖాళీలు పూరించే భాగం ఒకటుంది, ఎనిమిది ఖాళీలు, ఒక్కోదానికి ఒక్కో మాట. అక్కడ పడేవి చాలావరకు ఆఫ్, అప్, విత్ వంటి చిన్న మాటలే. ఉబిక్విటస్ వచ్చి కూర్చోదు.

అనువాదిని
వార్సా_వాన గారు చెప్పిన పరాయి మాటల జాబితా నా దగ్గర ఉంది. హైదరాబాద్‌లో ఉండి పోలిష్ కంపెనీల ఇంగ్లిష్ పత్రాలు సరిదిద్దుతాను. ఏళ్ల తరబడి ఇవే తగులుతున్నాయి.

'కొన్సెక్వెంత్ని' అంటే పోలిష్‌లో మాట మీద నిలబడే మనిషి, ఒకే తీరుగా నడిచేవాడు. 'కాన్సిక్వెంట్' అని రాసేస్తారు. రావలసినది 'కన్సిస్టెంట్'.
'పతెతిచ్ని' అంటే గంభీరమైన, ఉదాత్తమైన. ఒక వేడుక ప్రసంగాన్ని మెచ్చుకుంటూ 'పథెటిక్' అని రాశారు. నేను పట్టుకోకపోతే అచ్చులోకి వెళ్లేది.
'ఆదెప్త్' అంటే విద్య మొదలుపెట్టినవాడు. ఇంగ్లిష్ 'అడెప్ట్' ఆరితేరినవాడు. అర్థం సరిగ్గా తలకిందులు.
'ఒబ్‌స్కుర్ని' అంటే మురికిగా, పాడుబడినట్టుగా ఉన్నది. 'అబ్‌స్క్యూర్' అంటే ఎవరికీ అంతగా తెలియనిది. ఒక హోటలు గురించి రాసినప్పుడు ఈ తేడా చిన్నది కాదు.
'కొంప్రొమితాత్స్యా' అంటే పరువు పోవడం. ఇంగ్లిష్ 'కాంప్రమైజ్' రాజీ. పరువు పోయిందని చెప్పబోయి రాజీ పడ్డామనడం ఎలా ఉంటుందో చూడండి.
'పరాగోన్' అంటే దుకాణంలో ఇచ్చే బిల్లు. ఇంగ్లిష్‌లో 'పారగాన్' అంటే ఆదర్శానికి నిలువెత్తు రూపం.

గోదారి_గట్టు
మనకు పారగాన్ అంటే చెప్పులు. మూడు దేశాలు, మూడు అర్థాలు!

లెస్టర్_నర్సు
గోదారి_గట్టు గారి మాటకు నా డ్యూటీ గదిలో పెద్దగా నవ్వాను. నా అనుభవం చెబుతాను. ఇక్కడ ఇంగ్లండ్‌లో పోలిష్ వారు చాలా ఎక్కువ. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక వచ్చారు. 2011 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో 5,46,000 మంది తమ ప్రధాన భాష పోలిష్ అని రాయించారు. నా వార్డులో ఇద్దరున్నారు.

ఒకామె కొత్తలో మా పై అధికారిణి గురించి 'చాలా సింపథెటిక్' అంది. ఏదో దుఃఖం జరిగి ఓదార్చారేమో అనుకుని 'ఏమైంది తల్లీ' అని అడిగాను. ఏమీ కాలేదు. 'సింపతిచ్ని' అంటే కలుపుగోలు మనిషి అని అర్థమట. ఇద్దరం కూర్చుని టీ తాగుతూ అలాంటి మాటలు ఒక కాగితం మీద రాసుకోవడం అప్పుడు మొదలుపెట్టాం. ఇప్పుడు ఆ కాగితం నాలుగు పేజీలయింది.

కోటి_లెక్కలు
ఆఫీసులో ఇంగ్లిష్ వాడేవారు ఎవరూ చెప్పని ప్రమాదం ఒకటుంది. పోలిష్‌లో మన వంద కోట్లు 'మిల్యార్ద్'. 'బిల్యోన్' అంటే లక్ష కోట్లు. ఇంగ్లిష్ బిలియన్ అంటే వంద కోట్లే. వెయ్యి రెట్ల తేడా! గ్దాన్‌స్క్‌లో ఉన్న మా బృందం తయారుచేసిన లెక్కల్లో ఒకసారి ఇది దొర్లింది. అదృష్టవశాత్తూ పంపక ముందే కనిపించింది. పరీక్షకు కాకపోయినా ఉద్యోగానికి ఇది మొదటి కార్డు కావాలి.

చదువరి_77
అందరూ కార్డులు, జాబితాలు అంటున్నారు. నేను ఒప్పుకోను. మాట పుస్తకంలో పుట్టాలి, వాక్యంలో పెరగాలి. పాల్ నేషన్ అనే పరిశోధకుడు 2006లో లెక్క కట్టారు: నవలగానీ పత్రికగానీ నూటికి 98 మాటలు తెలిసి చదవాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు (ఒక మూలమాట, దాని రూపాలు కలిపి ఒకటి) కావాలి. అంత సంఖ్యను రోజుకు పది చొప్పున కార్డుల మీద ఎక్కించి ఎవరు నిలుపుకోగలరు? చదవాలి. కాన్రాడ్‌ను చూడండి. పోలిష్ వాడు, ఇరవై ఏళ్లు దాటాకే ఇంగ్లిష్ పట్టుబడింది, ఇంగ్లిష్ సాహిత్యంలో స్థానం సంపాదించాడు. ఆయన దగ్గర కార్డులున్నాయా?

వార్సా_వాన
చదువరి_77 గారూ, కాన్రాడ్ పేరు చెబితే నా విద్యార్థులు నీరుగారిపోతారు. ప్రతి పోలిష్ పిల్లవాడికీ బడిలో చెప్పే పేరే అది. కానీ ఆయన నేర్చుకున్నది పుస్తకాల నుంచి మాత్రమే కాదు. 1878లో ఇంగ్లిష్ ఓడ ఎక్కాడు. మొదటి నవల వచ్చింది 1895లో. మధ్యలో 17 ఏళ్లు, అందులో ఎక్కువ భాగం ఇంగ్లిష్ నావికుల మధ్య. తాడు, తెరచాప, గాలి, తిట్టు, పాట అన్నీ చెవిన పడ్డాయి. నేను పైన చెప్పిన పొట్టి మాటలన్నీ అక్కడ దొరికేవే. క్రాకోవ్‌లో ఆఫీసుకు వెళ్లి వచ్చే మనిషికి ఆ ఓడ లేదు.

చదువరి_77
అది ఒప్పుకుంటాను. అయినా ఓడ లేనివారికి పుస్తకమే ఓడ కదా. ఒకే రచయితవి మూడు నాలుగు పుస్తకాలు వరసగా చదవమనండి. ఆ రచయిత వాడుకునే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. కంప్యూటర్ చేసే సమీక్ష అక్కడ సహజంగా జరిగిపోతుంది.

పదాల_పెట్టె
తరచుగా వచ్చే మాటల విషయంలో జరుగుతుంది. అరుదైన మాట 400 పేజీల్లో ఒక్కసారి వస్తుంది, మళ్లీ ఏడాదికి కనిపిస్తుంది. సరిగ్గా ఆ మాటల కోసమే కార్డు. మీరూ నేనూ ఒకే చెట్టుకు వేర్వేరు కొమ్మలు పట్టుకుని లాగుతున్నాం.

పొజ్నాన్_పీజీ
ఇక్కడి టీవీ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంగ్లిష్ సినిమా వేస్తే పాత్రలన్నింటికీ ఒకే మగ గొంతు పోలిష్‌లో చదువుకుంటూ పోతుంది. హీరోయిన్‌కూ అతనే, చిన్న పిల్లకూ అతనే. 'లెక్తోర్' అంటారు. అసలు ఇంగ్లిష్ అడుగున సన్నగా వినిపిస్తుంటుంది, మాట పట్టుకుందామంటే అందదు. మా గదిలో ఉండే పోలిష్ మిత్రుడికి ఆ గొంతు లేకపోతే సినిమా చూసినట్టే ఉండదట.

ఇంకో సంగతి. అతను ఫోనులో 'నో, నో, నో' అంటుంటే గొడవ పడుతున్నాడేమో అనుకున్నాను. అమ్మ చెప్పేదానికి ఊఁ కొడుతున్నాడు! మాటల్లో 'నో' అంటే 'ఊఁ, అవును' అట.

క్రాకోవ్_కాపురం
లెక్తోర్ సంగతి అక్షరాలా నిజం. మా అత్తగారింట్లో అందరూ అలాగే చూస్తారు. అత్తగారి తరం బడిలో రష్యన్ తప్పనిసరిగా చదివింది, ఇంగ్లిష్ ఊళ్లోకి వచ్చింది 1989 తరవాతే. మా ఆవిడకు ఇంట్లో ఇంగ్లిష్ విన్న బాల్యం లేదు. వార్సా_వాన గారు చెప్పిన పొట్టి మాటలు ఎందుకు రావో ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని 3,000 కార్డులు తిరగేశాం. పోలిష్‌లో అదే అర్థంతో ఉన్న లాటిన్ మాటలు 1,100కు పైగా తేలాయి. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తీసేద్దాం అంటే ఒప్పుకోలేదు, 'ఏడాది కష్టం' అంది.

పదాల_పెట్టె
తీసేయవద్దు. పక్కన పెట్టే వీలుంటుంది, కార్డు పోదు, రోజూ అడగదు. ఆ కష్టం ఎక్కడికీ పోలేదని చెప్పండి. ఆ 1,100 మాటల స్పెల్లింగూ ఉచ్చారణా ఇప్పుడు ఆవిడవి.

లెస్టర్_నర్సు
ఉచ్చారణ దగ్గర ఒక మాట. పోలిష్‌లో ఊనిక, అంటే ఒత్తి పలికే చోటు, దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఇంగ్లిష్‌లో అది ఊరంతా తిరుగుతుంది: 'ఫోటోగ్రాఫ్'లో ఒకచోట, 'ఫొటోగ్రఫర్'లో మరోచోట. కాగితం మీద వచ్చిన మాట చెవికి వచ్చేసరికి గుర్తుపట్టలేకపోవడం మా వార్డులో చూశాను. ప్రతి కార్డుకూ ధ్వని తప్పనిసరి.

ఉపసర్గ
నేను రాజమండ్రిలో తెలుగు, సంస్కృతం చెప్పి విశ్రాంతి తీసుకున్న మాస్టారిని. పోలిష్ నాకు రాదు. మా అబ్బాయి వార్సాలో ఉద్యోగం చేస్తూ పోయిన ఏడాది పోలిష్ నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. అప్పుడు తట్టిన సంగతి రాస్తాను, తెలిసినవారు సరిదిద్దండి.

మనకు హృ ధాతువు ఒకటే. ముందు ఉపసర్గ మారితే ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం. కొట్టడం, తినడం, చంపడం, తిరగడం, నష్టం తీర్చడం. ధాతువు ఎక్కడో మూల కూర్చుంటుంది, అర్థాన్ని లాక్కుపోయేది ముందున్న చిన్న ముక్క. పోలిష్‌లోనూ అదే చూశాను. 'పిసాచ్' అంటే రాయడం. 'పొద్‌పిసాచ్' సంతకం చేయడం, 'ప్షెపిసాచ్' ఎత్తి రాయడం, 'ఒపిసాచ్' వర్ణించడం, 'జాపిసాచ్' నమోదు చేయడం.

ఇంగ్లిష్‌లో ఆ చిన్న ముక్క క్రియకు ముందు కాక వెనక వచ్చింది. అంతే తేడా. పుట్ ఆఫ్, పుట్ అప్, పుట్ డౌన్, పుట్ అవుట్. చిన్న ముక్క మారితే అర్థం ఊరు దాటుతుంది. ఉపసర్గలతో పుట్టి పెరిగిన భాష మనిషికి ఇది పరాయి సంగతి కాకూడదు. ఆమె ఇంట్లో తలుపు ముందు ఉన్నది, ఇంగ్లిష్ ఇంట్లో పెరట్లో ఉంది.

వార్సా_వాన
ఉపసర్గ గారూ, మీకు నమస్కారం. పన్నెండేళ్లుగా నేను తడుముకుంటున్నది మీరు నాలుగు వాక్యాల్లో చెప్పారు. దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళతాను.

పోలిష్ 'రొజ్' చాలాచోట్ల ఇంగ్లిష్ 'అపార్ట్'కు సరిపోతుంది: 'రొజ్‌పాష్చ్ షె' ముక్కలై పడిపోవడం, ఇంగ్లిష్‌లో ఫాల్ అపార్ట్. 'వి' చాలాసార్లు 'అవుట్': 'వియ్‌ష్చ్' బయటికి వెళ్లడం, గో అవుట్. 'ఒద్' తరచు 'బ్యాక్' లేదా 'ఆఫ్': 'ఒద్‌జ్వొనిచ్' తిరిగి ఫోను చేయడం, 'ఒద్వొజిచ్' వాయిదా వేయడం, అంటే పుట్ ఆఫ్. 'ప్షె' కొన్నిచోట్ల 'ఓవర్' లేదా 'త్రూ': 'ప్షెమిష్లెచ్' బాగా ఆలోచించడం, థింక్ ఓవర్.

అన్నిచోట్లా సరిపోతుందని మాత్రం అనుకోకూడదు. 'జాస్పాచ్' అంటే ఎక్కువసేపు నిద్రపోవడం, ఇంగ్లిష్‌లో 'ఓవర్‌స్లీప్', అక్కడ ముక్క మళ్లీ ముందుకు వచ్చింది. పోలిష్ ముక్క వెనక ఉన్న కదలికను పట్టుకుంటే చాలు, సగం దారి అయిపోతుంది. మిగతా సగానికి కార్డులు.

చదువరి_77
పైన రాసిన ప్రతి ఉదాహరణా వాక్యంలో చదివితేనే నిలుస్తుంది. ఈ ఒక్క మాట రాసి ఊరుకుంటాను.

అనువాదిని
ఊరుకోవద్దు, మీ మాటలో పస ఉంది. మాటలు జంటలుగా ఎలా తిరుగుతాయో చదవకుండా తెలియదు. మనం చిక్కటి టీ అంటాం, ఇంగ్లిష్ వారు బలమైన టీ అంటారు, పోలిష్ వారు కూడా 'మొత్స్నా' అంటే బలమైన టీ అనే అంటారు. అక్కడ పోలిష్ వారికి ఇబ్బంది లేదు. సిగరెట్లు ఎక్కువ కాల్చేవాడిని ఇంగ్లిష్‌లో 'బరువైన' అంటే 'హెవీ' స్మోకర్ అంటారు. పోలిష్‌లో వ్యసనపరుడైన కాల్చేవాడు. అక్కడ 'అడిక్టెడ్' అని రాస్తారు, వ్యాకరణం బాగానే ఉంటుంది, ఎర్ర గీత పడుతుంది.

'చేయడం' తీసుకోండి. పోలిష్‌లో 'రొబిచ్' ఒక్కటే, మనకూ 'చేయు' ఒక్కటే. ఇంగ్లిష్‌లో మేక్, డూ రెండు. ఏది దేనితో వెళుతుందో సూత్రం లేదు. మనమూ వారూ ఇందులో ఒకే పడవలో ఉన్నాం. ఆర్టికల్స్ కూడా అంతే, పోలిష్‌లోనూ లేవు, తెలుగులోనూ లేవు. సీ2 స్థాయిలో 'ద' తప్పిపోయిన వాక్యాలు రోజూ దిద్దుతాను.

గోదారి_గట్టు
పరాయి మాటల సంగతి మనకూ హిందీ దగ్గర ఉన్నదే. ఢిల్లీలో మొదటిసారి 'శిక్షా మంత్రాలయ్' బోర్డు చూసి మా తాతగారు 'పాపం, ఎవరికి శిక్ష' అన్నారు. హిందీలో శిక్ష అంటే చదువు. ఉపన్యాసం అంటే నవల. అవకాశం అంటే సెలవు. అందరికీ మూలం సంస్కృతమే, ఇంటికో అర్థం.

ఉపసర్గ
మా రోజుల్లో బడిలో రెండు అర్థాలూ ఒకటే.

పొజ్నాన్_పీజీ
మాస్టారూ!

క్రాకోవ్_కాపురం
శిక్ష ఉదాహరణ చెబితే ఆవిడకు వెంటనే అర్థమైంది. కానీ ఒక కొత్త ప్రశ్న వేసింది, నేను జవాబు చెప్పలేకపోయాను. పోలిష్‌లో 'జవాత్విచ్' అని ఒక మాట ఉంది. ఆఫీసులో పని జరిపించుకోవడం, బ్యాంకు వ్యవహారం ముగించడం, టికెట్ సంపాదించడం, గొడవ తీర్చడం, అన్నింటికీ అదే. 'దీనికి సీ2 స్థాయి ఇంగ్లిష్ మాట ఏది' అని అడుగుతోంది.

అనువాదిని
తెలుగులో 'చక్కబెట్టడం' అచ్చంగా సరిపోతుంది! ఇంగ్లిష్‌లో ఒక్క మాట లేదు. సార్ట్ అవుట్, సీ టు, డీల్ విత్, అరేంజ్, సందర్భాన్ని బట్టి ఒక్కోటి. ఆవిడ కార్డుకు ఒకవైపు 'జవాత్విచ్' అని రాస్తే రెండోవైపు నాలుగు రావాలి. అలా రాస్తే ఏదీ నిలవదు. నాలుగు వాక్యాలు రాయాలి, ఒక్కోదానిలో ఒక్కో ఖాళీ. ఈ ప్రశ్న అడిగారంటేనే ఆవిడ సరైన దారిలో ఉన్నారని నాకు నమ్మకం కుదిరింది.

పదాల_పెట్టె
పూర్తిగా సమర్థిస్తాను. ఒక కార్డు, ఒక వాక్యం, ఒక ఖాళీ. వాక్యం తాను చదివిన పుస్తకంలోనిదో, తన ఆఫీసు ఉత్తరంలోనిదో కావాలి. చదువరి_77 గారికి కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను.

చదువరి_77
లేదు. పుస్తకం ముందు, కార్డు వెనక. అలాగైతే సంతోషమే.

లెస్టర్_నర్సు
మాటలతో పాటు మర్యాద కూడా చూసుకోమనండి. పోలిష్‌లో 'దయచేసి ఇది చేయండి' అని నేరుగా అనడం మర్యాదే. మనకూ 'అండి' చేరిస్తే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అదే పనికి 'చేయగలరా, వీలవుతుందా' అని ప్రశ్నలా అడగాలి. పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన భాషాశాస్త్రవేత్త ఆన్నా వెజ్‌బిత్స్కా 1985లోనే దీని మీద రాశారు. నా సహోద్యోగిని మంచి మనిషి. ఆమె ఆజ్ఞాపిస్తోందని కొత్త నర్సులు నొచ్చుకునేవారు. ఆమెకు లేనిది ఇంగ్లిష్ మాటలు కావు, ఆ ప్రశ్న రూపం.

వార్సా_వాన
చాలా ముఖ్యమైన మాట. పరీక్షలో లేఖ రాసేటప్పుడు కూడా ఇది కనిపిస్తుంది.

క్రాకోవ్_కాపురం గారూ, ఆవిడకు ఒక సంగతి చెప్పండి. ఈ పరీక్ష మొదటిసారి 1913లో పెట్టినప్పుడు ముగ్గురు రాశారు, ముగ్గురూ తప్పారు. అంత కష్టమైనదాన్ని ఉద్యోగం చేసుకుంటూ రాస్తున్నారు. ఎర్ర గీతలకు బెంగపడవద్దు.

క్రాకోవ్_కాపురం
మూడు వారాలయింది, జరిగింది రాస్తున్నాను.

1,100 కార్డులు పక్కన పెట్టింది. రోజుకు పది మానేసి నాలుగు చేస్తోంది, అన్నీ వాక్యాలు. ఒక నోటుపుస్తకంలో పోలిష్ ఉపసర్గకు ఒక పేజీ పెట్టింది. 'రొజ్' పేజీ నిండింది, 'ఒద్' పేజీ సగమైంది. 'జా' పేజీలో మాత్రం ఏదీ దేనికీ పొంతన కుదరక చిరాకు పడుతోంది. పడుకునే ముందు అరగంట గట్టిగా చదువుతుంది, నేను వింటాను. ఊనిక తప్పితే ఆపుతాను. ఒక్కోసారి నేను ఆపినదే తప్పు అవుతోంది, అప్పుడు నిఘంటువు తీస్తున్నాం.

కొత్త వ్యాసం వెనక్కి వచ్చింది. గీతలు తగ్గాయి, పోలేదు. 'పుట్ అప్ విత్' రాయవలసిన చోట 'పుట్ అప్ టు' రాసింది. ఆఫీసులో మాత్రం ఖాతాదారుకు 'ఇఫ్ నెసెసరీ' అని రాసి, పంపే ముందు నాకు చూపించి పంపింది.

వార్సా_వాన
'జా' అందరినీ ఏడిపిస్తుంది. ఆ పేజీ వదిలేసి 'పొద్' తీసుకోమనండి.

ఉపసర్గ
పరీక్ష అయ్యాక ఏమైందో రాయండి నాయనా. మా అబ్బాయికి కూడా ఈ చర్చ చూపించాను.

క్రాకోవ్_కాపురం
తప్పకుండా రాస్తాను మాస్టారూ. మీ ఆహారం, విహారం, సంహారం ఆవిడకు చదివి వినిపించాను. ఫ్రిజ్ మీద అయిదు కాగితాలు అంటించింది, తెలుగు మాట పోలిష్ అక్షరాల్లో, కింద అర్థం. నిన్న అత్తగారు వచ్చి వంటింట్లో 'సంహార్, సంహార్' అని చదువుకుంటూ సూప్ కలిపారు.